ముందు బాకీ, తర్వాత శాలువా

మా పిన్ని రిటైర్మెంట్ సభ చూసినవాళ్లు ఎవరిదో పెళ్లి అనుకుని ఉంటారు. స్కూలు గేటుకి అరటి చెట్లు కట్టారు, షామియానా వేశారు, బ్యాండుమేళంతో ఓపెన్ టాప్ జీపులో ఊరంతా తిప్పారు. స్టేజీ మీద వరసగా శాలువాలు కప్పుతుంటే కుర్చీ వెనక నిలబడ్డ అటెండరు ఒక్కొక్కటే తీసి, మడత పెట్టి, సంచిలో వేస్తున్నాడు. భుజాలు ఖాళీ అయితేనేగా తర్వాత వచ్చేవాళ్లు కప్పేది! ఆపైన సన్మాన పత్రం చదివారు. ‘సౌజన్యమూర్తీ, మృదుభాషిణీ, విద్యార్థుల పాలిటి కల్పవల్లీ’ అని మొదలైంది. మా పిన్ని మృదుభాషిణి ఏమీ కాదు. ఆవిడ క్లాసులో అరిస్తే పక్క వీధి దాకా వినపడేది, ఆ అరుపుకి భయపడే లెక్కలు నేర్చుకున్నవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. ఆ పత్రం శుభలేఖల షాపులో ఎప్పుడూ రెడీగా ఉంటుంది. పేరూ, ఊరూ, తేదీ మారిస్తే ఏ టీచరుకైనా సరిపోతుంది.

ఇందులో నాకు అభ్యంతరం లేదు. భోజనాలు బాగున్నాయి, పాత స్టూడెంట్లు వచ్చారు, పిన్ని ఏడ్చింది, మేమూ ఏడ్చాం. అసలు గొడవ తర్వాత మొదలైంది. గ్రాట్యుటీ రాలేదు. పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందుగానే ఒకేసారి తీసుకునే కమ్యుటేషన్ రాలేదు. నలభై ఏళ్లు జీతంలోంచి కోయించుకుని దాచుకున్న ప్రావిడెంట్ ఫండ్ (జీపీఎఫ్) కూడా రాలేదు. బిల్లు పెట్టాం, టోకెన్ పడింది, పైనుంచి రిలీజ్ అవ్వాలి అంటారు. ఎన్ని నెలలైనా అదే మాట. మేడ మీద గదులకి పిల్లర్లు లేపి, స్లాబు పోయించలేక ఆపేశారు. ఓసారి నేను వెళ్లినప్పుడు బీరువా సర్దుతూ ఆ శాలువాల మూట చూపించి, “ఇవన్నీ కప్పుకుని బ్యాంకుకి వెళ్తే లోన్ ఇస్తాడేంట్రా?” అంది.

నవ్వేశాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. ఈ మధ్య ఎక్కడ శాలువా కప్పుతున్న ఫొటో చూసినా ముందు ఒకటే అడగబుద్ధవుతోంది: వీళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చేశారా? ఇచ్చేస్తే ఏనుగెక్కించి ఊరేగించండి, చూడటానికి నేనూ వస్తాను. ఇవ్వకుండా కప్పే శాలువా మాత్రం నాకు బాకీ కాగితం మీద పరిచిన గుడ్డలాగే కనిపిస్తోంది.

కిన్నెర, కనకాభిషేకం

దర్శనం మొగిలయ్య సంగతి అందరికీ తెలిసిందే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు తిరిగేసరికి, 2024 మేలో, హైదరాబాద్ శివార్లలో ఆయన కూలిపని చేస్తున్న వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. వచ్చిన డబ్బు ఇంటి అవసరాలకీ పెళ్లిళ్లకీ అయిపోయిందనీ, నెలనెలా వచ్చే పదివేలు ఆగిపోయిందనీ ఆయనే చెప్పుకున్నాడు.

ఆ వీడియో కింద జనం రెండుగా చీలిపోయారు. పద్మశ్రీకి ఈ గతా అని కొందరు. కోటి ఇస్తే ఏం చేసుకున్నాడు అని ఇంకొందరు. రెండోవాళ్ల ప్రశ్న కొట్టిపారేసేది కాదు, కానీ ఆ ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. నెలకి ఇంత అని జీతం తెచ్చుకునే మనకి ఎవరైనా ఒకేసారి కోటి చేతిలో పెట్టి, ఇక నువ్వూ నీ పిల్లలూ ఎప్పటికీ ఇంతే అంటే మనం మాత్రం ఎన్నాళ్లు లాగుతాం? అప్పులవాళ్లు, చుట్టాలు, ఆసుపత్రి బిల్లులు ముందే వరసలో నిలబడి ఉంటాయి. పెద్ద మొత్తం ఒక్కసారి ఇస్తే ఫొటో బాగా వస్తుంది. నెలనెలా ఠంచనుగా వేసే పదివేలకి ఫొటో ఏముంటుంది? ఆగిపోయింది కూడా ఆ ఫొటో లేని డబ్బే.

పద్మ పురస్కారంతో డబ్బేమీ రాదు. రాష్ట్రపతి సంతకంతో సనదు, అంటే ఒక ధ్రువపత్రం, ఒక పతకం ఇస్తారు. అలవెన్సు లేదు, రైలు టికెట్లో రాయితీ కూడా లేదు. అది బిరుదు కాదనీ, పేరుకి ముందో వెనకో తగిలించుకోకూడదనీ 1995లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సిద్ధాంతం వరకూ నాకిదే నచ్చుతుంది. గౌరవం గౌరవంలాగే ఉండాలి, దానికి ధర కట్టకూడదు. డబ్బున్న డాక్టరుకో పారిశ్రామికవేత్తకో ఇస్తే ఇది అక్షరాలా సరిపోతుంది. గంజికి వెతుక్కునే మనిషిని ఢిల్లీ తీసుకెళ్లి పతకం పెట్టి మళ్లీ ఊళ్లో దింపేస్తేనే తేడా కొడుతుంది.

తేడా ఎందుకంటే ఆయనకి మనం బాకీ. కిన్నెర కళాకారులకి గానీ, చిందు భాగవతం ఆడేవాళ్లకి గానీ, ఇంకా ఇలా వేరే కులాల మీద ఆధారపడి బతికే ఆశ్రిత కులాల వాళ్లకి గానీ ఊళ్లో కథ చెప్పినందుకు గింజలు పెట్టడం ఒకప్పుడు దయ కాదు. అది వాళ్ల హక్కు, అడిగి తీసుకునేవాళ్లు. ఆ ఏర్పాటులో కులం బరువు ఎంత ఉందో నాకు తెలుసు, అది మళ్లీ రావాలని నేను అనడం లేదు. కానీ ఆ గింజలు పోయాక వాటి స్థానంలో ఏం పెట్టాం? చప్పట్లు పెట్టాం. 2024 ఫిబ్రవరిలో శిల్పకళావేదికలో పద్మ గ్రహీతలకి సన్మానం చేసినప్పుడు, పేద కళాకారులైన పద్మశ్రీ గ్రహీతలకి నెలకి పాతికవేలు పింఛను అని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రకటించారు. ఆ రోజు వేదిక మీద పనికొచ్చే మాట అదొక్కటే అని నా అభిప్రాయం. అది కూడా పద్మశ్రీ వచ్చినవాళ్లకే. రానివాళ్లు అదే కళని అదే ఊళ్లో పట్టుకుని కూర్చున్నారు.

ఇదేమీ కొత్త కథ కాదు. శ్రీనాథుడికి ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం చేయించాడు, శ్రీనాథుడు డిండిమభట్టు అనే పండితుణ్ణి ఓడించి ఆయన కంచుఢక్కా పగలగొట్టించాడు అని చదువుకున్నాం. అదే శ్రీనాథుడు ఆఖరి రోజుల్లో బొడ్డుపల్లె గుత్తకి తీసుకున్నాడట. పంట కొంత కృష్ణ వరదకి పోయి, నువ్వులూ పెసలూ పిట్టలు తినేసి, ఏడువందల టంకాల శిస్తు కట్టలేక వీధిలో ఎర్రటి ఎండలో శిక్ష అనుభవించాడని ఆయన పేరనే ఉన్న చాటువులు, అంటే జనం నోట నిలిచిన విడి పద్యాలు, చెబుతున్నాయి. చాటువుల్లో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్నది పండితులు చూసుకుంటారు. నాకు ఆసక్తి వేరే. బంగారంతో స్నానం చేయించుకున్న కవి శిస్తు బకాయి కింద ఎండలో నిలబడ్డాడన్న కథని తెలుగువాళ్లు ఇన్ని వందల ఏళ్లు నమ్ముతూ, కంఠతా పట్టి చెప్పుకుంటూ వచ్చారు. నమ్మకపోవడానికి వాళ్లకి కారణం కనపడలేదన్నమాట.

గౌరవ వేతనం అనే ఏర్పాటు

కవులూ కళాకారులూ కొద్దిమంది. లక్షలమందికి రోజూ జరుగుతున్నది ఇంకొకటి ఉంది. అంగన్వాడీలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బుని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఇక్కడ పేరు మీద పంతమేమీ కాదు, ఆ పేరుతో వచ్చే లెక్కే వేరు. జీతం అయితే కనీస వేతనం ఉంది, గ్రాట్యుటీ ఉంది, పెన్షన్ అడగొచ్చు. గౌరవ వేతనం అంటే సేవ చేయడానికి వచ్చిన మనిషికి మర్యాదగా చేతిలో పెట్టేది, దాని మీద బేరం ఏమిటి అన్నట్టు. 1975లో అంగన్వాడీలని నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైన నాటి నుంచీ ఇదే వరస.

ఇంతకీ ఆ సేవ ఏమిటి? మా అమ్మావాళ్ల వీధి చివర సెంటరుంది, వెళ్లినప్పుడల్లా చూస్తుంటాను. పొద్దున్నే పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకు రావడం, పాటలు పాడించడం, అన్నం వండించడం, గుడ్లు లెక్కపెట్టి ఇవ్వడం, గర్భిణులకి పాలప్యాకెట్లు, పిల్లల బరువు తూచడం, ఎత్తు కొలవడం, అవన్నీ మళ్లీ ఫోన్లో యాప్‌లోకి ఎక్కించడం. సిగ్నల్ లేకపోతే ఆవిడ పక్కింటి మేడ ఎక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుంటుంది. సర్వేలు, ఓటరు జాబితాలు, మీటింగులు వీటికి అదనం. దీన్ని ఉద్యోగం కాదు అనడానికి చాలా ధైర్యం కావాలి.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి వర్కర్‌కి నెలకి 11,500, ఆయాకి 7,000. నలభై రెండు రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. నాకు అప్పుడూ ఇప్పుడూ అర్థం కానిది ఇదే. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగితే మీది సేవ, సమ్మె చేస్తే మీరు లేకపోతే రాష్ట్రం నడవదు. రెండూ ఒకే నోటితో!

కోర్టులు కూడా ఈ ముడి విప్పడానికి చాలా కాలం తీసుకున్నాయి. అంగన్వాడీలది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వ ఉద్యోగం, కాదని 2006లో సుప్రీంకోర్టు అంది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ నుంచి వెళ్లిన కేసులో అదే సుప్రీంకోర్టు, వాళ్లకి 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. గౌరవ వేతనం అని ఏ పేరు పెట్టినా చేసిన పనికి ఇస్తున్న డబ్బు ఆ చట్టం ప్రకారం వేతనమే అని తేల్చింది. మనబోటి వాళ్లకి మొదటి రోజు నుంచీ తెలిసిన విషయమే అనుకోండి.

ఊళ్లలో ఇంటింటి ఆరోగ్యం చూసే ఆశా వర్కర్లది ఇంకో చిత్రం. 2022 మే 22న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల పైచిలుకు ఆశాలందరికీ కలిపి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగిన వాళ్లకి అంతకంటే తగిన గౌరవం లేదు, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. మన నాయకులందరూ అభినందనలు తెలిపారు. ఆ తర్వాత కూడా వాళ్లు కలెక్టరాఫీసుల ముందు టెంట్లు వేసుకుని అవే డిమాండ్లతో కూర్చుంటూనే ఉన్నారు. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశాలకి గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు ఇవ్వాలని నిర్ణయించింది. ఊరంతా తిరిగి కాన్పులు దగ్గరుండి చేయించే మనిషికి తన కాన్పుకి సెలవు దొరకడానికి అంత కాలం పట్టింది. అవార్డు అందుకు అడ్డం పడిందని అనను. తోడ్పడిందని మాత్రం ఎవరూ చెప్పలేరు.

“అది వేరు సార్, ఇది వేరు”

ఇంతవరకూ రాసింది రాసినట్టే నమ్మేవాణ్ణి, మా అపార్ట్‌మెంట్‌లో ఒక సంగతి జరగకపోతే.

కరోనా తర్వాత మా అసోసియేషన్ ఆగస్టు 15న వాచ్‌మన్లకీ హౌస్‌కీపింగ్ ఆడవాళ్లకీ సన్మానం చేయడం అలవాటు చేసుకుంది. జెండా ఎగరేశాక పిల్లల డాన్సులు, ఆ వెంటనే ఇది. శాలువా, స్వీట్ బాక్సు, సర్టిఫికెట్. ఒక ఏడాది ఆ పేర్లు పిలవడం నాకు అప్పజెప్పారు. మర్నాడు లిఫ్ట్ దగ్గర తడిగుడ్డ పెట్టే ఆవిడ్ని మాటల్లో పెడితే తెలిసింది, వాళ్లని పనికి పెట్టిన ఏజెన్సీ రెండు నెలలుగా జీతం ఇవ్వలేదట. మేము నెలనెలా మెయింటెనెన్స్‌లో కడుతున్నాం, అసోసియేషన్ ఏజెన్సీకి పంపుతోంది, అక్కడ ఆగిపోయింది. సెక్రటరీ గారిని అడిగాను. “మన వైపు నుంచి క్లియర్ అండీ, వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి” అన్నారు. ఆయన చెడ్డ మనిషేం కాదు. శాలువాల డబ్బులో సగం తన జేబులోంచి పెట్టుకున్న మనిషి. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మంచివాళ్లకి కూడా శాలువా సంగతి గుర్తొస్తుంది గానీ జీతం పడిందా అని ఒక్క ఫోన్ చేయాలని తట్టదు.

ఆవిడతో అన్నాను, “జీతం ఇవ్వకుండా ఈ శాలువాలు ఎందుకమ్మా, మీకు కోపం రాలేదా?” అని. సమర్థిస్తుందనే అనుకున్నాను. ఆవిడ చీపురు గోడకి ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి వాట్సాప్ డీపీ చూపించింది. శాలువా కప్పుకుని, సర్టిఫికెట్ రెండు చేతుల్తో ఛాతీకి పట్టుకుని ఉన్న ఫొటో. “మా అల్లుడు ఫ్రేమ్ కట్టిస్తానన్నాడు సార్. జీతం ఇయ్యకపోతే పోయి కొట్లాడతాం. అది వేరు సార్, ఇది వేరు” అంది.

ఈ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. బాకీ తీర్చేదాకా సన్మానం చేయొద్దు అని నేను పట్టుపడితే ఆ ఫొటో ఆవిడకి దక్కేది కాదు. జీతం సమయానికి వచ్చి, ఏడాది పొడుగునా ఒక్కరూ పేరు పెట్టి పిలవకపోతే అది మాత్రం ఏం బతుకు? డబ్బు పడేశాం కదా, ఇంకేం కావాలి అనే యజమానులు మనకి కొత్త కాదు. ఆ రకం మనిషికి నా వాదన భలే పనికొస్తుంది, శాలువా ఖర్చు కూడా మిగులుతుంది.

అయినా ఆవిడ మాటని ఎంత తిప్పి చూసినా నా వాదన కూలిపోలేదు, కాస్త పదునెక్కింది. రెండూ వేరు అని ఆవిడకి స్పష్టంగా తెలుసు. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదని కూడా తెలుసు, అందుకే కొట్లాడతాం అంది. కలిపేసేది ఇచ్చేవాళ్లే. కరోనా రోజుల్లో, 2020 మే 3న, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్‌తో పూలు చల్లితే కింద నిలబడి పైకి చూసిన నర్సులూ సిబ్బందీ సంతోషపడే ఉంటారు, ఎందుకు పడరు? పూలు చల్లేశాం కదా, వాళ్ల లెక్క అయిపోయింది అన్న తృప్తి మాత్రం చూస్తున్న మనది. పళ్లాలు కొట్టింది మనం, తేలికపడింది మనం.

ఆలస్యం కూడా బాకీయే

డబ్బు గొడవ లేని చోట కూడా బాకీ ఉండొచ్చు. 2013లో ఎస్. జానకి గారికి పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. చాలా ఆలస్యంగా ఇచ్చారనీ, దక్షిణాది కళాకారులకి దక్కాల్సిన గుర్తింపు దక్కడం లేదనీ కారణం చెప్పారు. అప్పటికి ఆవిడ పాడటం మొదలుపెట్టి అర్ధ శతాబ్దం దాటింది. పెద్దావిడ, ఇచ్చింది పుచ్చుకోవచ్చుగా అని సణిగినవాళ్లున్నారు. నాకైతే ఆవిడ లెక్క సరిగ్గా చూసుకున్నారనిపించింది. మర్యాద మాట అటుంచి, దక్కాల్సిన రోజున దక్కనిదాన్ని తర్వాత ఎంత పెద్ద పళ్లెంలో పెట్టి తెచ్చినా తీసుకునేవాళ్లకి కాదనే హక్కు ఉంటుంది.

మా పిన్నికి ఉత్తమ ఉపాధ్యాయురాలు అవార్డు రాలేదు. అప్లై చేయలేదు గనక రాలేదు. నేను ఉత్తమురాలిని అని నేనే ఫైలు తయారుచేసి, ఫొటోలు అతికించి పంపాలా అని ఆవిడ బాధ. జాతీయ స్థాయి అవార్డుకి కూడా ఇప్పుడు టీచర్లు తమకి తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. పద్మకైతే ఎవరినైనా, తమని తాము కూడా, ఎనిమిది వందల మాటలకి మించకుండా రాసి ప్రతిపాదించవచ్చు. సిఫార్సుల కాలం కంటే ఇది మేలే అని నా స్నేహితుడు వాదిస్తాడు, నిజమే. కానీ గొంతు పెద్దదైనా తన గురించి నోరు విప్పనివాళ్లు ఇందులో ఎప్పటికీ దొరకరు.

మా పెదనాన్న రైల్వేలో రిటైరయ్యారు. ఆయన కథ చెబితే పిన్ని ఇప్పటికీ అసూయపడుతుంది. ఆఖరి పనిరోజున డివిజన్ ఆఫీసులో సెటిల్మెంట్ కార్యక్రమం పెట్టారు. ఆ నెల రిటైరవుతున్న వాళ్లందరినీ కూర్చోబెట్టి, పెన్షన్ ఆర్డరు, రావాల్సిన డబ్బు కాగితాలు చేతికిచ్చి, దాంతోపాటే బంగారు పూత వేసిన వెండి పతకం ఇచ్చారు. ఉపన్యాసాలు పెద్దగా లేవు, టీ, సమోసా. ఇంటికొచ్చి ముందు కాగితాలు లెక్క చూసుకున్నారు. పతకం ఎక్కడ పెట్టారో ఇప్పుడు పెద్దమ్మకే తెలియదు. మరి అక్కడ మీ గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పారా పెదనాన్నా అని అడిగితే, “మా ఇన్‌స్పెక్టరు చెప్పాడ్రా, ఫలానా తుఫాను రాత్రి వీడు లేకపోతే గూడ్సు బండి ఆగేది కాదు అని” అన్నారు. ఆ ఒక్క వాక్యం సన్మాన పత్రం మొత్తం కంటే ఎక్కువ. అది ఆయనకి తప్ప ఇంకెవరికీ సరిపోదు.

మొన్న మా అసోసియేషన్ మీటింగులో నేనొక ప్రతిపాదన పెట్టాను. సన్మానం మానొద్దు. కాకపోతే ఆ నెల జీతాలు పడినట్టు ఏజెన్సీ నుంచి స్టేట్‌మెంట్ వచ్చాకే శాలువాలు కొందాం, రాకపోతే ఏజెన్సీ బిల్లు ఆపి వాళ్లకే నేరుగా వేద్దాం. ట్రెజరర్ సరే అన్నారు. సెక్రటరీ గారు మాత్రం, “జనవరి 26 దగ్గర పడుతోందండీ, అప్పటికి స్టేట్‌మెంట్ రాకపోతే ప్రోగ్రాం ఏమవ్వాలి?” అన్నారు. ప్రోగ్రాం ఆగితే ఏజెన్సీవాడికి ఫోన్ చేసేవాళ్లు ఒక్కరు కాదు, నూట ఇరవై ఫ్లాట్లవాళ్లూ ఉంటారు అన్నాను. అది మినిట్స్‌లో రాసుకున్నారు, వచ్చే మీటింగుకి వాయిదా వేశారు.